నాన్నగారికి వెండి పూత ఉన్న యూరిన్ పైపు కొనమంటారా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) · సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. నాన్నగారికి 74 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. అప్పుడు ఆస్పత్రిలో పెట్టిన యూరిన్ పైపు ఇప్పటికీ అలాగే ఉంది, నెలకోసారి మారుస్తున్నారు. నాలుగు నెలల్లో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ప్రతిసారీ ఒళ్లంతా వణుకు, జ్వరం, మాట తడబడటం. రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని పాతపట్నం మీదుగా శ్రీకాకుళం పరుగెత్తడం. మూడోసారి కల్చర్ రిపోర్టులో (మూత్రంలో ఏ క్రిమి పెరుగుతోందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) దాదాపు అన్ని మందుల పక్కనా ‘ఆర్’ అని పడింది, అంటే ఆ మందుకు లొంగదని. అది చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు.

విశాఖలో ఒక సర్జికల్ షాపులో అడిగితే వెండి పూత పూసిన కాథెటర్ ఉంది, దాని మీద బ్యాక్టీరియా బతకదు అన్నారు. ధర మామూలు పైపుకు పది రెట్ల పైనే. డబ్బు సర్దుకుంటాను, అది సమస్య కాదు. నిజంగా పనిచేస్తుందా అన్నదే నా ప్రశ్న. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం సిస్టర్ · సోమవారం రాత్రి

తమ్ముడూ, ముందు కొన్ని అడుగుతాను, ఏమీ అనుకోకు. బ్యాగ్ ఎక్కడ వేలాడదీస్తున్నారు? మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు బ్యాగ్ ఎక్కడుంటుంది? పైపుకీ బ్యాగ్‌కీ మధ్య జాయింట్ ఎప్పుడైనా విప్పుతున్నారా? బ్యాగ్ ఖాళీ చేసే మనిషి ముందు చేతులు కడుక్కుంటున్నారా? అన్నిటికంటే ముఖ్యం, పైపు ఇంకా ఎందుకు ఉంచారో ఏ డాక్టరైనా చెప్పారా?

గుణుపురం మందుల షాపు · సోమవారం రాత్రి

మా దగ్గర రెండు రకాలే ఎక్కువ పోతాయి. ఒకటి రబ్బరు పైపు, అంటే లేటెక్స్ మీద పల్చగా సిలికాన్ పూసింది. రెండోది పూర్తి సిలికాన్ పైపు. నెలల తరబడి ఉంచాల్సిన వాళ్లకి డాక్టర్లు సిలికాన్‌దే రాస్తున్నారు. ఒకే సైజులో లోపలి దారి కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి అంత త్వరగా మూసుకుపోదు. వెండి పైపు కావాలంటే నేనూ తెప్పించగలను. కానీ దాని గురించి గ్యారంటీ మాట నా నోటితో చెప్పలేను. ఇక్కడ తెలిసినవాళ్లు చెప్పాక ఆర్డర్ పెట్టుకోండి, తొందరేమీ లేదు.

పూతల పరిశోధన (స్వస్థలం రాయగడ) · మంగళవారం ఉదయం

నేను పనిచేసేది సరిగ్గా ఈ విషయం మీదే, వైద్య పరికరాల పైపూతల మీద. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పొద్దున లేవగానే పళ్ల మీద నాలుకకు జారుడుగా తగిలే పాచి అందరికీ తెలుసు. పుక్కిలిస్తే పోదు, బ్రష్‌తో గీకితేనే పోతుంది. యూరిన్ పైపు లోపలా బయటా పట్టేది కూడా అలాంటి పాచే, దాన్నే బయోఫిల్మ్ అంటారు. పైపు లోపలికి వెళ్లిన నిమిషాల్లోనే మూత్రంలోని ప్రొటీన్లు దాని మీద పల్చని పొరలా పరుచుకుంటాయి. ఆ పొర మీద బ్యాక్టీరియా వచ్చి అతుక్కుంటుంది. తర్వాత తన చుట్టూ తనే బంకలాంటి పదార్థం కారుస్తూ కాలనీ కట్టుకుంటుంది. లోపలి కణాలు చాలావరకు నిద్రలో ఉన్నట్టు మెల్లగా బతుకుతాయి. ఎదిగే కణాల మీదే బాగా పనిచేసే యాంటీబయాటిక్స్‌కి అవి దొరకవు. విడిగా ఈదే బ్యాక్టీరియాని చంపే మోతాదుకు వంద, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఇచ్చినా పాచిలోనిది చావకపోవచ్చు. మీ నాన్నగారికి కోర్సు పూర్తయ్యాక మళ్లీ మళ్లీ జ్వరం రావడానికి ఇదొక కారణం కావచ్చు. రక్తంలోది పోతుంది, పైపు మీదది మిగిలిపోతుంది.

పైపు ఉన్న ప్రతిరోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. రోజుకు ఇంత కాబట్టి నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ చేరిపోతుంది.

ఇక వెండి. వెండి నుంచి ఊరే అయాన్లు బ్యాక్టీరియా ప్రొటీన్లలోని గంధకపు భాగాలను పట్టుకుంటాయి, పొరను పాడుచేస్తాయి. ల్యాబ్‌లో వెండి పూత చాలా బాగా పనిచేస్తుంది, నేను నా కళ్లతో చూశాను. కానీ శరీరంలో క్లోరైడ్ ఉంటుంది, ప్రొటీన్ ఉంటుంది. వెండి అయాన్ వాటితోనే కలిసిపోతుంది. పైగా మీద పరుచుకున్న పొర వెండిని కప్పేస్తుంది, కొత్తగా వచ్చే బ్యాక్టీరియాకి వెండి తగలనే తగలదు.

బ్రిటన్‌లో 24 ఆస్పత్రుల్లో 7,102 మంది మీద చేసిన ట్రయల్ 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. లక్షణాలతో కూడిన ఇన్ఫెక్షన్ మామూలు టెఫ్లాన్ పూత పైపుతో 12.6 శాతం, వెండి పైపుతో 12.5 శాతం. తేడా లేదు. నైట్రోఫ్యూరజోన్ అనే మందు పూసిన పైపుతో 10.6 శాతానికి తగ్గింది కానీ మంట, ఇబ్బంది ఎక్కువన్నారు. ఇదంతా 14 రోజుల లోపు పైపు పెట్టినవాళ్ల లెక్క. అంత తక్కువ కాలంలోనే తేడా చూపించని పూత నెలల మీద చూపిస్తుందని నేను నమ్మను. మీ డబ్బు అక్కడ పెట్టకండి.

మహేంద్రతనయ · మంగళవారం మధ్యాహ్నం

చదివాను సార్, రెండుసార్లు చదివాను. పంటి పాచి అనగానే అర్థమైపోయింది.

సిస్టర్ గారికి జవాబు. పగలు చిన్న బ్యాగ్, రాత్రికి పెద్ద బ్యాగ్ పెడుతున్నాం. అంటే రోజూ రెండుసార్లు జాయింట్ విప్పుతున్నాం. తీసిన బ్యాగ్ బాత్రూమ్‌లో మేకుకి తగిలించి మర్నాడు మళ్లీ వాడుతున్నాం. కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు బ్యాగ్ నాన్నగారి ఒళ్లో పెడుతున్నాం. శ్రీకాకుళం వెళ్లేటప్పుడు కార్లో కూడా సీటు మీద పక్కనే పెట్టాం, కింద పెడితే కాళ్లకి తగులుతుందని. ఇలా చేయకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. పైపు ఎందుకు ఉంచారని మేమూ ఎవర్నీ అడగలేదు.

బరంపురం సిస్టర్ · మంగళవారం సాయంత్రం

చెప్పాల్సింది డిశ్చార్జ్ చేసిన రోజున మావాళ్లు. తప్పు మీది కాదు.

ఇవాళ్టి నుంచి ఇలా చేయండి. జాయింట్ విప్పొద్దు. ఒకే బ్యాగ్, రాత్రీ పగలూ అదే. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అలా అని నేలకి తగలకూడదు. ఒళ్లో పెడితే ట్యూబ్‌లో ఉన్నదంతా వెనక్కి లోపలికి పోతుంది. కార్లో సీటు అంచుకి కొక్కెం తగిలించండి. ట్యూబ్ మెలిక పడకుండా తొడకి టేపు వేయండి, లాగినప్పుడల్లా లోపల గాయమవుతుంది. సగం దాటగానే కింది కుళాయి నుంచి ఖాళీ చేయండి, కుళాయి మూతి డబ్బాకి తాకనీయకండి. ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కోండి. పైపు లోపలికి వెళ్లే చోట రోజూ స్నానం చేయించేటప్పుడు సబ్బు, నీళ్లు చాలు. డెట్టాల్ లాంటివి పూయకండి.

కాశీనగర్ ల్యాబ్ · మంగళవారం రాత్రి

నాదొక ప్రశ్న. మూడోసారి కల్చర్‌కి శాంపిల్ ఎక్కడి నుంచి తీశారు? బ్యాగ్‌లోంచి పట్టిచ్చారా?

మహేంద్రతనయ · మంగళవారం రాత్రి

అవునండీ. నేనే బ్యాగ్ కుళాయి తిప్పి సీసాలో పట్టి ఇచ్చాను.

కాశీనగర్ ల్యాబ్ · మంగళవారం రాత్రి

అయితే ఆ రిపోర్టు చూసి అంత భయపడకండి. బ్యాగ్‌లో గంటల తరబడి నిలవున్న మూత్రంలో పెరిగింది, నాన్నగారికి జ్వరం తెప్పించింది ఒకటే అని చెప్పలేం. పాత పైపు తీసేసి, కొత్తది పెట్టి, దాని నుంచి వచ్చిన తాజా మూత్రం పంపితే నమ్మదగిన రిపోర్టు వస్తుంది. లేదా పైపు మీద శాంపిల్ కోసం ఉన్న చోట స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. ఇంకో మాట. జ్వరం, వణుకు, నొప్పి ఏమీ లేనప్పుడు ఊరికే కల్చర్ చేయించొద్దు. పైపు ఉన్నవాళ్లలో ఏదో ఒకటి పెరుగుతుంది. దాన్ని చూసి యాంటీబయాటిక్ వాడితే ఇవాళ ‘ఎస్’ (లొంగుతుంది) అని ఉన్నవి కూడా రేపు ‘ఆర్’ అవుతాయి. మా ఊళ్లో చాలామంది విషయంలో ఇదే జరుగుతోంది, చూస్తుంటే బాధగా ఉంటుంది.

రాయగడ రిటైర్డ్ మాస్టారు · బుధవారం ఉదయం

చక్కటి చర్చ. మా అమ్మగారు రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే మాకిచ్చేవారు. రాగి మీద క్రిములు చస్తాయని ఇప్పుడు సైన్సూ ఒప్పుకుంది కదా. వెండి పనికిరాకపోతే రాగి పూత వేయొచ్చు కదా?

పూతల పరిశోధన · బుధవారం మధ్యాహ్నం

నమస్కారం మాస్టారూ. రాగి మీద చస్తాయన్నది నిజమే. రాగి, ఇత్తడి ఉపరితలాలు బ్యాక్టీరియాని చంపుతాయని రాసుకోవడానికి అమెరికా పర్యావరణ సంస్థ 2008లో అనుమతిచ్చింది. తలుపు పిడి, మంచం పక్క కమ్మీ, సెలైన్ స్టాండు లాంటి చోట్ల దానికి అర్థముంది. ఒంటి లోపల మాత్రం లెక్క వేరు. బ్యాక్టీరియాని చంపే రాగి మన కణాలనూ వదలదు. కాపర్-టీ పనిచేసేదే రాగి అయాన్లు వీర్యకణాలను దెబ్బతీయడం వల్ల.

వెండి విషయంలో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గుండెకు పెట్టే కృత్రిమ కవాటం చుట్టూ ఉండే గుడ్డ అంచుకి, ఇన్ఫెక్షన్ రాకూడదని వెండి పూశారు. సిల్‌జోన్ అనేవారు. ఆ కవాటాల పక్క నుంచి రక్తం లీకవడం ఎక్కువగా కనిపించడంతో 2000 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. వెండి వల్ల చుట్టూ కండ సరిగ్గా అల్లుకోలేదన్నది ప్రధాన అనుమానం. మంచి ఉద్దేశంతో వేసిన పూతే. అందుకే పరికరం మీద పూత అంటే క్రిమిని చంపడం ఒక్కటే చూడకూడదని మేం రోజూ మాకు మేం చెప్పుకుంటాం.

జయపురం అమ్మ · బుధవారం రాత్రి

నేను ఎప్పుడూ చదువుతుంటాను, రాయడం ఇదే మొదలు. మా బాబుకి పుట్టిన మూడో నెలలో తలలో నీరు చేరిందని షంట్ వేశారు, అంటే ఆ నీటిని మళ్లించడానికి ఒంటి లోపల పెట్టే గొట్టం. నెలన్నరకే ఇన్ఫెక్షన్ వచ్చింది. షంట్ తీసేసి, బయటికి గొట్టం పెట్టి, మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాం. మళ్లీ వేసేటప్పుడు డాక్టర్ గారు యాంటీబయాటిక్ కలిపిన గొట్టం వేస్తామన్నారు, నారింజ రంగులో ఉంది. ఇప్పుడు బాబుకి రెండేళ్లు, మళ్లీ ఇన్ఫెక్షన్ రాలేదు. ఇక్కడ మీరంతా పూతలు పనిచేయవంటుంటే టెన్షన్‌గా ఉంది. మాకు వేసింది కూడా అలాంటిదేనా?

పూతల పరిశోధన · బుధవారం రాత్రి

అమ్మా, కంగారు పడకండి. మీ బాబుకి వేసినది పనిచేస్తుందని గట్టి ఆధారం ఉంది. ఆ రంగు రిఫాంపిసిన్‌ది. దానితోపాటు క్లిండమైసిన్ కూడా కలుపుతారు. అది పైన పూసినది కూడా కాదు, సిలికాన్ గొట్టంలోనే ఇంకించినది, మెల్లగా ఊరుతుంది. 1,605 మంది మీద చేసిన ట్రయల్ 2019లో వచ్చింది. మామూలు షంట్‌తో 6 శాతం మందికి ఇన్ఫెక్షన్, వెండి కలిపిన షంట్‌తో కూడా 6 శాతమే, మీ బాబుకి వేసిన రకంతో 2 శాతం.

అక్కడ పనిచేసి యూరిన్ పైపులో పనిచేయకపోవడం ఎందుకంటే, షంట్‌కి వచ్చే ఇన్ఫెక్షన్‌లో ఎక్కువ భాగం ఆపరేషన్ రోజున చర్మం మీది బ్యాక్టీరియా గొట్టానికి అంటుకోవడం వల్ల. తర్వాత కుట్లు మూసుకుంటాయి, తలుపు మూసినట్టే. ఆ మొదటి వారాలు కాపలా కాస్తే చాలు. మందు ఊరేది కూడా అన్నాళ్లే. యూరిన్ పైపుకి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇవాళ చంపినా రేపు కొత్తది వస్తుంది, మందు అయిపోయాక కూడా వస్తూనే ఉంటుంది.

జయపురం అమ్మ · బుధవారం రాత్రి

ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. ఆ నారింజ రంగు ఎందుకో ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదు.

గుణుపురం మందుల షాపు · గురువారం ఉదయం

పరిశోధన సార్, ఒక అనుమానం. కంపెనీ మనుషులు తెచ్చే పేపర్లలో 99.9 శాతం బ్యాక్టీరియా చస్తుందని రాసుంటుంది. అది అబద్ధమా?

పూతల పరిశోధన · గురువారం ఉదయం

అబద్ధం కాదు. పరీక్ష వేరు, ఒళ్లు వేరు. ఐఎస్ఓ 22196 అని ఒక పద్ధతి ఉంది. పూత ముక్క మీద బ్యాక్టీరియా ఉన్న ద్రవం వేసి, పల్చని ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ఎన్ని బతికాయో లెక్కపెడతారు. అక్కడ రక్తం లేదు, మూత్రం లేదు, ప్రవాహం లేదు. పైగా 99.9 అంటే 10 లక్షల్లో 1,000 మిగిలినట్టే కదా. ఈ.కోలై అనే బ్యాక్టీరియా అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకి రెట్టింపవుతుంది. 1,000 తిరిగి 10 లక్షలు కావడానికి పది రెట్టింపులు, అంటే 3 గంటల 20 నిమిషాలు. షాపులో అడిగేవాళ్లకి ఈ లెక్క చెప్పండి.

విశాఖ డివైస్ ఇంజనీర్ · గురువారం మధ్యాహ్నం

మాది పార్వతీపురం పక్క ఊరు, మా అమ్మమ్మగారిది గుణుపురం. విశాఖ మెడ్‌టెక్ జోన్ వైపు పరికరాల పనిలో ఉన్నాను. ఇక్కడ చర్చ పూతలే దండగ అనే వైపు వెళ్తోంది, దానికి ఒప్పుకోలేను.

ఐసీయూలో మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం, సెంట్రల్ లైన్ చూడండి. మినోసైక్లిన్, రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్స్ కలిపి పూసిన లైన్లు, క్లోర్‌హెక్సిడిన్, వెండి సల్ఫడయజీన్ అనే క్రిమినాశకాలు పూసిన మొదటి తరం లైన్ల కంటే బాగా పనిచేశాయని 1999లోనే తేలింది. ఆ పాతవాటికి బయటివైపే పూత ఉండేది. పేస్‌మేకర్ చుట్టూ పెట్టే మందు సంచితో పెద్ద ఇన్ఫెక్షన్లు 1.2 శాతం నుంచి 0.7కి తగ్గాయి, దాదాపు 7,000 మంది మీద చేసిన ట్రయల్ అది.

సిస్టర్ గారు చెప్పిన చేతులు, బ్యాగ్, జాయింట్ అన్నీ నిజం. కానీ మన సరిహద్దు ఊళ్లలో వార్డు ఎలా ఉంటుంది? ఒక్క సిస్టర్‌కి 40 మంచాలు. గ్లవ్స్ ఒక రోజు ఉంటాయి, ఒక రోజు ఉండవు. మనిషి చెయ్యి మీద ఆధారపడని రక్షణ ఎక్కువ కావాల్సింది అలాంటి చోటే. ధర తగ్గించి పనిచేసే పూత చేయగలిగితే దాని మేలు ముందు అందాల్సింది మనకే.

బరంపురం సిస్టర్ · గురువారం రాత్రి

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చి చదివాను. 40 మంచాల మాట నిజం, నా కాళ్లు చెబుతాయి. కానీ ఒక అనుభవం చెప్తాను. నేను ముందు పనిచేసిన చోట ఖరీదైన పూత లైన్లు కొన్నాళ్లు తెప్పించారు. వచ్చిన రెండో వారం నుంచే డ్రెస్సింగ్ మార్చడం ఆలస్యమైంది. ‘ఇది మందు లైనే కదా, ఏం కాదు’ అనే మాట నేను నా చెవులతో విన్నాను. పూత మీద నమ్మకం పెరిగినకొద్దీ చేతి మీద శ్రద్ధ తగ్గుతుందనేది నా భయం. మీరు పూత చేయండి తమ్ముడూ, నేను వద్దనను. దాంతోపాటు రెండో సిస్టర్‌ని కూడా ఇవ్వమని అడుగుతాను.

విశాఖ డివైస్ ఇంజనీర్ · గురువారం రాత్రి

అక్కా, ఆ డ్రెస్సింగ్ మాట మా డిజైన్ మీటింగ్‌లో చెప్తాను. అది మాకు ఎవరూ చెప్పరు.

రాయగడ రిటైర్డ్ మాస్టారు · శుక్రవారం ఉదయం

చంపకుండానే అంటుకోనివ్వని పూత ఉండదా? మా చెరువులో తామరాకు మీద నీటి బొట్టే నిలవదు, మురికీ నిలవదు.

పూతల పరిశోధన · శుక్రవారం మధ్యాహ్నం

మాస్టారూ, నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న అడిగారు. తామరాకు మీద సన్నని గుబ్బలు, వాటి మీద మైనపు నూగు ఉంటాయి. బొట్టు వాటి కొనల మీదే నిలబడి దొర్లిపోతుంది. దాన్ని అనుకరించిన ఉపరితలాలు గాలిలో బాగుంటాయి. నీళ్లలోనే మునిగి ఉండే పైపులో గుబ్బల మధ్య గాలి మెల్లగా పోతుంది, అక్కడ చిక్కు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సొరచేప చర్మం మీది గీతలు చూసి అలాంటి నమూనా తయారుచేశారు. దాని మీద మందేమీ ఉండదు, బ్యాక్టీరియా కుదురుగా స్థిరపడటానికి ఒప్పదు అంతే. సికాడా అనే పురుగు రెక్క ఇంకా వింత. దాని మీద నానోమీటర్ల ఎత్తున్న సన్నని స్తంభాలు బారులు తీరి ఉంటాయి. సూడోమోనాస్ బ్యాక్టీరియా వాటి మీద వాలితే పొర సాగి చిట్లిపోతుందని 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు. మందు లేదు కాబట్టి మందుకు లొంగకపోవడమనే సమస్యా రాదు. వెండికి కూడా లొంగని బ్యాక్టీరియా 1970లలోనే కాలిన గాయాల వార్డులో దొరికింది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కాకపోతే ఆ స్తంభాల మీద చచ్చిన బ్యాక్టీరియా పేరుకుపోతే పైన వచ్చేవాటికి అదే పరుపు అవుతుంది. మా కష్టమంతా అక్కడే. చంపాక రాల్చాలి. ఆ రెండో పని చేసే పూత కోసం మేం కొన్నేళ్లుగా తిప్పలు పడుతున్నాం.

మహేంద్రతనయ · తర్వాతి గురువారం

వారం తర్వాత వస్తున్నాను. శ్రీకాకుళంలో యూరాలజీ డాక్టర్ గారిని కలిసి సిస్టర్ గారు చెప్పిన ప్రశ్న అడిగాను: పైపు ఎందుకు ఉంచారు? ఆయన కాగితాలు చూసి, మొదట్లో స్పృహ సరిగ్గా లేక పెట్టారు, తీసి చూడటం ఎవరూ చేయలేదు అన్నారు. ప్రోస్టేట్‌కి మాత్ర మొదలుపెట్టి మూడు రోజుల తర్వాత పొద్దున్నే పైపు తీశారు. సాయంత్రం వరకు కొంచెం పోశారు కానీ స్కాన్‌లో లోపల 380 మి.లీ. మిగిలింది. నాకు గుండె జారిపోయింది, మళ్లీ పైపేనేమో అనుకున్నాను. డాక్టర్ గారు మాత్రం రోజుకు నాలుగుసార్లు సన్న పైపుతో తీసి పారేసే పద్ధతి నాకూ తమ్ముడికీ నేర్పించారు. లోపల ఏదీ ఉంచడం లేదు.

విశాఖ డివైస్ ఇంజనీర్ · తర్వాతి గురువారం

మంచి పని. పైపు లోపల ఉండిపోకపోతే పాచి కట్టడానికి చోటే ఉండదు. వీటికి కూడా ఒక పూత ఉంది, నీళ్లు తగలగానే జారుడుగా మారేది. అది బ్యాక్టీరియాని చంపదు, నాళం గీసుకుపోకుండా చూస్తుంది. నాన్నగారికి మంట ఉంటే డాక్టర్ గారిని దాని గురించి అడగండి.

మహేంద్రతనయ · తర్వాతి ఆదివారం

నిన్న మధ్యాహ్నం నాన్నగారు తనంతట తానే 180 మి.లీ. పోశారు. తర్వాత పైపు పెడితే వచ్చింది 90. జ్వరం లేదు. ఎవరికి చెప్పాలో తెలియక ముందు ఇక్కడే రాస్తున్నాను.

బరంపురం సిస్టర్ · తర్వాతి ఆదివారం

ఆ రెండు అంకెలూ టైముతో సహా పుస్తకంలో రాసిపెట్టు, డాక్టర్ గారికి చూపించాలి. నిన్న మొత్తం మీద నీళ్లు ఎన్ని తాగారు?